తల ఎత్తడానికి చోటు లేని నీళ్లు

గత శీతకాలంలో మా అన్నయ్య కుటుంబంతో కలిసి పిడుగురాళ్ల మీదుగా గుత్తికొండ బిలానికి వెళ్లాను. చీకటిలో తలలు వంచుకుని నడిచి, నీళ్లు నిలిచిన చోటికి చేరేసరికి మా అన్నయ్య కొడుకు అప్పటికే చొక్కా విప్పేశాడు. వాడికి పదిహేనేళ్లు, విజయవాడలో బందరు కాలువ గట్టున పెరిగినవాడు. "అత్తా, ఈ నీళ్ల అడుగు నుంచి అవతలికి దారి ఉందంట. నేను కాలవలో నిమిషం పైగా మునుగుతాను గదా, ఒక్కసారి పోయి చూసొస్తా" అన్నాడు. భుజం పట్టుకుని ఆపాను. ముచికుంద మహర్షి నిద్రించినది ఇక్కడేనని, ఆయన చూపు సోకి కాలయవనుడు భస్మమైనది ఇక్కడేనని పక్కన ఎవరో పిల్లలకు చెబుతున్నారు. ఆ జనం మధ్య, ఆ ఉక్కలో, వాడిని ఎందుకు ఆపానో సరిగా చెప్పలేకపోయాను. నేను కూడా ఒకప్పుడు అటువంటి నీటిలో ఊపిరి బిగబట్టి మునిగి అవతల తేలినదాన్నే కాబట్టి, వద్దు అనే ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయంగా తోచలేదు. వాడికి చెప్పవలసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతంలో గుహలు అనగానే ఉండవల్లి, మొగల్రాజపురం గుర్తుకు వస్తాయి. అవి శిల్పులు కొండను తొలిచి చేసినవి. ఉలి ఎంత దూరం వెళ్లిందో గుహ అంత వరకే ఉంటుంది. బిలం అటువంటిది కాదు. వాన నీరు గాలిలోను, మట్టిలోను ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లంగా మారి, సున్నపురాతి పగుళ్లలోకి ఇంకి, లక్షల ఏళ్లపాటు రాతిని కరిగిస్తూ తన దారి తాను చేసుకుంటుంది. ఆ దారి కిందికి దిగి మళ్లీ పైకి లేచే చోట, వాష్‌బేసిన్ కింది వంపు గొట్టంలో నిలిచినట్లే, నీరు నిలిచిపోతుంది. పైకప్పు వంగి వచ్చి నీటిలో మునుగుతుంది. గుహల్లో తిరిగేవారు ఆ చోటును సంప్ అంటారు. మన ఇళ్లలో సంపు అంటే మునిసిపాలిటీ నీళ్లు పట్టుకునే నేలతొట్టి. మూత తీస్తే పైన వెలుతురు కనిపిస్తుంది. గుహలోని సంపుకు మూత రాయే, దానిని తీసేవారు ఎవరూ ఉండరు.

కాలువలో ఈత నేర్చుకున్నవారికి శరీరంలో ఒక అలవాటు స్థిరపడిపోతుంది. ఊపిరి చాలకపోతే కాళ్లు తన్నడం, తల ఎత్తడం, పైకి రావడం అనే మూడు పనులు ఆలోచన లేకుండానే జరిగిపోతాయి. నాన్నగారు నాకు కృష్ణలో ఈత నేర్పినప్పుడు మొదట నేర్పింది కూడా అదే: "భయమేస్తే పైకి చూడు." సంపులో ఆ అలవాటే చంపుతుంది. అక్కడ పైకి లేచినవారి తల రాతికి తగులుతుంది. తగిలిన తరువాత ఎటు వెళ్లాలో తెలియదు. ఊపిరితిత్తుల బలం గురించి మాట్లాడుకునే ముందు, ఈ ఒక్క తేడాను మనసుకు పట్టించుకోవాలి.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉన్నాను. ఆ ఊరికి దక్షిణాన మెండిప్ కొండలు ఉన్నాయి. వాటి కడుపంతా సున్నపురాయి. ప్రిడ్డీ అనే చిన్న పల్లెలో ఒక పచ్చిక పొలం మధ్య రాతి గది వంటి కట్టడం ఉంటుంది. ఒక వాగు దాని కింద నేలలోకి దిగిపోతుంది. అదే స్విల్డన్స్ హోల్ గుహ. లోపల నీటి వెంట దిగుతూ, సుమారు ఇరవై అడుగుల జలపాతాన్ని తాడు నిచ్చెనతో దాటి, వాగులోనే చాలా దూరం నడిచిన తరువాత మొదటి సంపు వస్తుంది. వాగు మామూలుగా ఉన్న రోజున దాని నిడివి రెండు మీటర్లకు మించదు. మనిషి పొడవు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇటు గోడకు, అటు గోడకు కట్టిన తాడు నీటి అడుగున ఎప్పుడూ ఉంటుంది. గాలి సిలిండర్లు లేకుండా, ఊపిరి బిగబట్టి తాడు పట్టుకుని దానిని దాటడం ఆ కొండల్లో తిరిగేవారికి పరిపాటి.

మాకు దారి చూపిన పెద్దాయన అంతకు ముందు ఎన్నోసార్లు దాటినవాడు. ఆయన ముందు చేయించిన పని ఏమిటంటే, మోకాళ్ల లోతు నీటిలో కూర్చోబెట్టి ముఖం మీద, మెడ మీద చన్నీళ్లు పోయించడం. నీరు సుమారు పది డిగ్రీల చలిలో ఉంది. మన కృష్ణ నీటితో ఎదిగిన ఒంటికి అది నీరు అనిపించదు, మంట అనిపిస్తుంది. ముఖం మీద పడగానే నా ప్రమేయం లేకుండా నోరు తెరిచి గాలి గుటుక్కున పీల్చుకున్నాను. "ఆ పీల్పు ఇక్కడే అయిపోవాలి, నీటి కింద కాదు" అన్నాడాయన. చల్లని నీరు తగిలిన మొదటి నిమిషంలో శరీరం అలా ఎగపీల్చడం ఆపలేనిది. పైగా గట్టు మీద నిమిషం ఊపిరి పట్టగలిగినవారు చలి నీటిలో అందులో కొంత భాగమే పట్టగలుగుతారు. ఆ కుదుపు తగ్గి, ఊపిరి మామూలు లయకు వచ్చేదాకా మేము ఆగాము.

తరువాత తాడు. ముందు వెళ్లినవారు అవతల తేలి, పక్కకు జరిగి, తాడును మూడుసార్లు లాగుతారు. ఆ మూడు లాగుళ్లు చేతికి తెలిసేదాకా రెండవవారు కదలకూడదు. తొందరపడితే ఇరుకైన నీటిలో ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడతారు. నా వంతు వచ్చింది. రెండు చేతులా తాడు పట్టుకుని, మామూలుగా రెండు మూడుసార్లు ఊపిరి తీసి వదిలి, చివరిది నింపుకుని, వంగి మునిగాను. చలి నీటి కోసం వేసుకున్న వెట్‌సూట్‌లో గాలి బుడగలతో నిండిన రబ్బరు ఉంటుంది. అది శరీరాన్ని పైకి తేల్చి, వీపును పైకప్పుకు ఆనిస్తుంది. హెల్మెట్ రాతికి గీసుకున్న చప్పుడు ఎముకలో వినిపించింది. ముందు వెళ్లినవారు కదిలించిన బురదతో దీపం వెలుగు గోధుమరంగు పొగలా మారిపోయింది, ఏమీ కనిపించలేదు. కాళ్లు తన్నవద్దని ముందే చెప్పారు, ఎందుకంటే తన్నుడు బురదను లేపుతుంది, ఊపిరిని కాలుస్తుంది, దిశను తప్పిస్తుంది. ఒక చేయి ముందుకు, దాని తరువాత రెండవ చేయి. పైకప్పు అయిపోయిందని నాకు తెలియనే లేదు. ఎవరో నా భుజం పట్టుకుని పైకి లేపారు. ఎంతసేపు పట్టిందని అడిగితే నాలుగైదు సెకన్లు అన్నారు. నాకైతే సత్యనారాయణ వ్రత కథ ఐదు అధ్యాయాలూ విన్నంతసేపు అనిపించింది.

ఆ రెండు మీటర్ల నీరు మొదటిసారి దాటడానికి మనుషులకు ఏళ్లు పట్టింది. గ్రాహం బాల్కోంబ్, జాక్ షెపర్డ్ అనే ఇద్దరు మిత్రులు 1934లో సైకిల్ ఫ్రేము గొట్టాన్ని, హోసును జోడించి శ్వాస పరికరం తయారు చేసుకుని ప్రయత్నించారు. 1936లో షెపర్డ్ సొంతంగా కుట్టుకున్న సూటుతో అవతలికి చేరాడు. ఈనాడు పిల్లలు కూడా దాటుతున్నారంటే వాళ్ల ఊపిరి షెపర్డ్ ఊపిరి కంటే పెద్దదని కాదు. నిడివి తెలిసింది, తాడు ఉంది, అవతల గాలి ఉందని తెలిసింది.

ఇవేవీ తెలియకుండా దిగినవారు లేరా అని మా వాడు తప్పక అడుగుతాడు. ఉన్నారు. ఫ్రాన్సులో పిరనీస్ పర్వతాల పాదాల దగ్గర మోంటెస్పాన్ అనే చోట 1922లో నార్బర్ట్ కాస్టెరె అనే గుహాన్వేషకుడు ఒంటరిగా వాగు వెంట గుహలోకి వెళ్లి, పైకప్పు నీటిని తాకిన చోట, అవతల ఏముందో తెలియకుండానే మునిగాడు. తేలి చూస్తే గాలి ఉంది, కానీ కటిక చీకటి. ఆయన చేసిన పనిని నేను ఎంతో గౌరవిస్తాను: ముందుకు వెళ్లలేదు, దిశ మరచిపోయే లోపే వెనుదిరిగి వచ్చేశాడు. మరునాడు కొవ్వొత్తులను, అగ్గిపెట్టెలను రబ్బరు టోపీలో చుట్టుకుని మళ్లీ దిగాడు. మరుసటి ఏడాది ఆ గుహలోనే వేల ఏళ్ల నాటి మట్టి ఎలుగుబంటి విగ్రహం, గోడల మీద జంతువుల గీతలు బయటపడ్డాయి. ఆ కథలో అందరూ ఎలుగుబంటిని గుర్తు పెట్టుకుంటారు. మొదటి రోజున ఆయన వెనక్కి వచ్చిన ఆ కొద్ది సెకన్లే నాకు ముఖ్యం. అయినా, ఆ నీరు ఇంకో పది మీటర్లు సాగి ఉంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. ఆయన బతికాడు కాబట్టి అది పద్ధతి అయిపోదు.

ఊపిరి సంగతికి వస్తాను, ఎందుకంటే కాలువ పిల్లలందరికీ ఒక ప్రమాదకరమైన చిట్కా తెలుసు. మునిగే ముందు గబగబా పది ఇరవైసార్లు గట్టిగా ఊపిరి తీసి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. నిజంగానే ఎక్కువసేపు ఉండగలుగుతారు, ప్రమాదం అక్కడే ఉంది. గాలి కావాలనే తపన ప్రధానంగా ప్రాణవాయువు తగ్గినందువల్ల పుట్టదు. రక్తంలో కార్బన్ డయాక్సైడు పెరిగినందువల్ల పుడుతుంది. గబగబా ఊపిరి తీసినందువల్ల ప్రాణవాయువు దాదాపు ఏమీ పెరగదు, ఎందుకంటే రక్తం మామూలుగానే దానితో నిండి ఉంటుంది. కార్బన్ డయాక్సైడు మాత్రం బాగా తగ్గిపోతుంది. అంటే గంట కొట్టే కాపలాదారును ముందే ఇంటికి పంపించినట్లు అవుతుంది. మునిగినవారికి హాయిగా ఉంటుంది, తపన రాదు, ప్రాణవాయువు లోలోపల పడిపోతుంది, ఎటువంటి హెచ్చరికా లేకుండా స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చినవారు ఈత కొలనులో, పక్కన స్నేహితులు ఉండగానే ఇలా పోయారు. అందుకే మెండిప్‌లో మమ్మల్ని మామూలు ఊపిరి రెండు మూడుసార్లకు మించి తీయనివ్వలేదు. తపన వచ్చేంత నిడివి ఉన్న సంపు ఊపిరితో దాటవలసినది కాదని అక్కడి లెక్క. దానికి సిలిండర్లు, వాటికి ప్రత్యేక శిక్షణ కావాలి. అదే గుహలో రెండవ సంపు ఇంకా పొడవైనది. నేను అటు వెళ్లలేదు, వెళ్లాలని కూడా అనుకోలేదు.

భయం ఊపిరిని ఎంత త్వరగా మింగేస్తుందో 2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో ప్రపంచం చూసింది. పన్నెండు మంది పిల్లలు, వారి కోచ్ చిక్కుకున్న కథ మన టీవీల్లో రోజుల తరబడి వచ్చింది కానీ, అందులో ఒక చిన్న ఘట్టం ఎక్కువమందికి తెలియదు. పిల్లలు దొరకక ముందే, నీళ్లు తోడే పనికి వచ్చిన నలుగురు పెద్దలు లోపల చిక్కుకుపోయారు. బ్రిటిష్ డైవర్లు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ వారిని కొద్దిపాటి నీటి దారి గుండా, గాలి పరికరాలు ఇచ్చి, ఒక్కొక్కరినీ బయటికి తెచ్చారు. గాలి నోటి దగ్గరే ఉన్నా ఆ పెద్దలు నీటి కింద భయంతో పెనుగులాడారు. పిల్లలను మెలకువతో తీసుకురావడం కుదరదన్న నిర్ణయానికి ఈ అనుభవం కూడా ఒక కారణం. చివరికి ఆస్ట్రేలియా మత్తు వైద్యుడు రిచర్డ్ హారిస్ వారికి మత్తు ఇచ్చాకే, ముఖమంతా కప్పే మాస్కులతో జూలై 8 నుంచి 10 వరకు బయటికి తెచ్చారు. అంతకు ముందు జూలై 6న, గాలి సిలిండర్లు చేరవేసి వస్తూ సమన్ గునన్ అనే మాజీ నౌకాదళ డైవర్ ప్రాణం కోల్పోయాడు. నీటిలో ఆరితేరిన వ్యక్తి ఆయన. ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మన నీళ్లు వెచ్చన కదా, చలి బాధ లేదు కదా అని అనిపించవచ్చు. నిజమే, పలనాటి బిలంలో నీరు ఎగపీల్పు పుట్టించదు. దానికి బదులు మనకు వేరే శత్రువు ఉంది: గాలి. వేడి నేలలో చెట్ల వేర్లు, కుళ్లే ఆకులు, గబ్బిలాల రెట్ట కలిసి కార్బన్ డయాక్సైడును పుట్టిస్తూనే ఉంటాయి. గాలి ఆడని మూలల్లో అది పేరుకుంటుంది. బెలుం గుహల్లో పర్యాటకుల కోసం బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు చేయవలసి వచ్చిందంటే కారణం ఊహించవచ్చు. సంపుకు అవతల తేలిన చోట చిన్న గాలి అర ఒకటే ఉంటే, అక్కడి గాలి ఎన్నేళ్లుగా కదలనిదో ఎవరికి తెలుసు? ఆ గాలిని రెండుసార్లు పీల్చి తిరుగు ప్రయాణానికి మునిగితే, తపన మొదలైపోయిన ఊపిరితోనే మునిగినట్లు. మన ఊళ్లలో బావి పూడిక తీసేవారు ముందు లాంతరు దించి చూసేవారు. అది ఎంతో తెలివైన ఆచారం, కానీ దీపం చెప్పేది ప్రాణవాయువు గురించి మాత్రమే. దీపం వెలుగుతూ ఉండగానే కార్బన్ డయాక్సైడు మనిషికి చాలినంత చెరుపు చేయగలదు. మూత పెట్టిన సంపులోకో, పాడుబడ్డ బావిలోకో ఒకరు దిగి కూలిపోతే, రక్షించబోయి రెండవవారు, మూడవవారు అదే చోట పడిపోవడం మనం వార్తల్లో చదువుతూనే ఉన్నాం. నీటి అవతల జరిగితే ఆ వార్త చెప్పడానికి కూడా ఎవరూ రారు.

ఇంకొక మాట వాన గురించి. సంపు నిడివి రాతిలో చెక్కిన అంకె కాదు. నీటిమట్టంతో పాటు పెరుగుతుంది. వెళ్లేటప్పుడు రెండు మీటర్లు ఉన్నది, ఎగువన కురిసిన వానతో వచ్చేటప్పటికి పది మీటర్లు కావచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ఉన్నవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. బుడమేరు వాగు నుంచి సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన నీరు సింగ్‌నగర్ మీద కురిసినది మాత్రమే కాదు. అప్పుడే ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లిన కృష్ణ వరద కూడా ఎక్కడెక్కడి వానలో కలిసి వచ్చినది. గుహలోపల ఉన్నవారికి ఆకాశం కూడా కనిపించదు. దాటిన సంపును మళ్లీ దాటితేనే ఇల్లు; అవతల కాలు విరిగితే స్ట్రెచర్ రాదు, ఫోను పనిచేయదు. అందుకే మేము బయలుదేరే ముందు ఏ గంటకు తిరిగి వస్తామో బయట ఒకరికి చెప్పి వెళ్లేవాళ్లం. ఆ గంట దాటితే సహాయానికి కబురు వెళ్లేది. మన దగ్గర అటువంటి ఏర్పాటు ఏదీ లేని బిలంలో, తాడు లేని నీటిలో, నిడివి తెలియని చీకటిలోకి ఎంత గొప్ప గజ ఈతగాడైనా మునగకూడదని నేను అంటున్నది భయంతో కాదు. ఆ పని నాకు ఇష్టం కాబట్టే అంటున్నాను.

ఇష్టం చంపుకొమ్మని వాడికి చెప్పను. మేఘాలయలో వేసవికి ముందు ఎండిన నెలల్లో గుహల అన్వేషణ ముప్పై ఏళ్లకు పైగా సాగుతోంది. అక్కడి క్రెమ్ లియాట్ ప్రా ముప్పై కిలోమీటర్లు దాటిన సున్నపురాతి గుహ. వాడికి పద్దెనిమిది నిండిన తరువాత, తెలిసినవారితో కలిసి అటువంటి చోటికి వెళ్లాలని మేము అనుకున్నాం. ఈలోగా చేయదగిన సాధన ఒకటి ఉంది.

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం, మా పేటకు దగ్గరలోని ఈత కొలనులో ఛాతీ లోతు నీళ్ల చోట, గోడ నుంచి గోడకు అడుగున తాడు కట్టాను. కొలను నిర్వాహకుడు, మా అన్నయ్య ఇద్దరూ నీటిలోనే నిలబడ్డారు. వాడి కళ్లకు గుడ్డ కట్టి, మామూలు ఊపిరితో, తన్నకుండా, మూడు మీటర్లు తాడు వెంట వెళ్లమన్నాను. మొదటిసారి సగంలోనే తల ఎత్తేశాడు. రెండవసారి చివరిదాకా వెళ్లాడు కానీ మధ్యలో ఒక క్షణం రెండు చేతులూ వదిలి, తాడు కోసం నీటిలో తడుముకున్నాడు. తేలిన తరువాత నేను ఏమీ అనకముందే, "అత్తా, అక్కడ తాడు దొరక్కపోతే?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదని చెప్పాను. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. మూడవసారి దిగినప్పుడు నేను కూడా మునిగి వాడి చేతులనే చూస్తూ వెళ్లాను. కుడి పిడికిలి ముందు తాడును గట్టిగా పట్టుకున్నాకనే ఎడమ పిడికిలి విడింది, అవతలి గోడ తగిలేదాకా అలాగే.